పార్టీకి డబ్బు ఎవరిచ్చారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికల షెడ్యూల్ వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్ళంతా నన్ను అడిగేవి అవే ప్రశ్నలు. చందా నగదుగా ఇవ్వొచ్చా, ఎలక్టోరల్ బాండ్లు పోయాక కంపెనీలు ఎలా ఇస్తున్నాయి, చెక్‌పోస్టులో డబ్బు పట్టుకుంటే తిరిగొస్తుందా... ఒక్కొక్కరికి విడిగా చెప్పి చెప్పి అలసిపోయి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. నేను లాయర్ని కాదు. ఒక అసెంబ్లీ ఎన్నికలో ఇండిపెండెంట్‌గా నిలబడ్డ మిత్రుడికి ఖర్చుల పుస్తకం రాసిపెట్టాను, అప్పటి నుంచి ఈ లెక్కలు చదవడం ఒక పిచ్చిగా పట్టుకుంది. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి.

## చందా ఇచ్చే ముందు

నాకు నచ్చిన పార్టీకి ఐదు వేలు ఇద్దామనుకుంటున్నా. నగదు ఇవ్వొచ్చా?

వద్దు, యూపీఐనో చెక్కో వాడండి. 2017 బడ్జెట్ తర్వాత 2,000 రూపాయలు దాటిన చందాను పార్టీ నగదుగా తీసుకుంటే దానికున్న ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరొస్తుంది. దెబ్బ పడేది పార్టీకే, మీకు కాదు. కానీ నగదుగా ఇచ్చిన చందాకు మీకు పన్ను మినహాయింపు రాదు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి బ్యాంకు ఆధారమూ ఉండదు. ఎంత ఇచ్చినా రసీదు అడిగి తీసుకోండి. రసీదు పుస్తకం లేదు అన్నారంటే ఆ డబ్బు పార్టీ ఖాతా దాకా పోతుందా అన్నది మీరే ఆలోచించుకోండి.

చందా ఇస్తే పన్ను తగ్గుతుందట కదా?

తగ్గుతుంది, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి మాత్రమే. 1961 నాటి చట్టంలో దీన్ని 80జీజీసీ అంటారు, కంపెనీలకైతే 80జీజీబీ. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా ఆడిటర్ల నోట్లో ఇంకా పాత నంబర్లే. ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరైన పార్టీకి, నగదు కాకుండా ఇచ్చిన మొత్తమంతా మీ ఆదాయంలోంచి తీసేస్తారు. కొత్త విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఈ సౌకర్యం లేదు.

మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడు, లక్ష చందా ఇస్తే తొంభై ఐదు వేలు వెనక్కి ఇస్తారు, పన్ను మిగులుతుందని. నిజమేనా?

అలాంటి దందా ఉన్నమాట నిజం. అందులో దిగితే మీరు ఇరుక్కోవడం కూడా అంతే నిజం. ఇది ఎలా నడుస్తుందంటే, ఎక్కడా పోటీ చేయని, పేరు కూడా ఎవరూ వినని ఒక చిన్న పార్టీ ఉంటుంది. మీరు చెక్కు ఇస్తారు, వాళ్ళు కమీషన్ ఉంచుకుని మిగతాది నగదుగా మీ చేతిలో పెడతారు. మీరు రిటర్నులో మొత్తం లక్షా చూపిస్తారు. ఒక్క దెబ్బకి మీ తెల్లడబ్బు నల్లడబ్బయిపోయింది, అందరూ అటు నుంచి ఇటు మార్చుకోవడానికి తంటాలు పడుతుంటే మనం దీనికి ఎదురు కమీషన్ ఇస్తున్నాం! ఆదాయపు పన్ను శాఖ 2022 సెప్టెంబరులో ఇలాంటి పార్టీల మీద దేశమంతా సోదాలు చేసింది, 2025 జులైలో తప్పుడు మినహాయింపులు చూపించిన వాళ్ళ మీద, చూపించిపెట్టిన ఏజెంట్ల మీద మళ్ళీ దాడులు చేసింది. ఆ పార్టీ బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి దొరికితే చాలు, చందా ఇచ్చినవాళ్ళందరి పాన్ నంబర్లూ వరసగా అందులోనే ఉంటాయి. ఏజెంటు ఫోన్ స్విచాఫ్ చేస్తాడు, నోటీసు మాత్రం మీ ఇంటికి వస్తుంది.

నేను అమెరికాలో ఉంటున్నా. మా నియోజకవర్గం అభ్యర్థికి డబ్బు పంపొచ్చా?

మీ పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉంటే, గ్రీన్ కార్డు ఉన్నా సరే, మీ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా చట్టం దృష్టిలో మీరు విదేశీయులే, పార్టీకైనా అభ్యర్థికైనా ఇవ్వకూడదు, విదేశీ విరాళాల మీద ఉన్న 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం దాన్ని నిషేధించింది. అక్కడ నలుగురు కలిసి చందాలు పోగుచేసి ఒకరి ఖాతా నుంచి పంపుతుంటారు, అది మరీ చిక్కు, ఆ నలుగురిలో ఒక్కరు విదేశీ పౌరులైనా సమస్యే.

నేను ప్రభుత్వ టీచర్ని. ఇవ్వొచ్చా?

ఇవ్వకపోవడమే మంచిది. రాజకీయ కార్యకలాపాలకు చందా ఇవ్వడం కూడా ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. ఓటు వేయండి, చాలు.

## డబ్బు పార్టీ చేతికి వచ్చాక

ఇరవై వేల లోపు చందా అయితే పేరు చెప్పక్కర్లేదంటారు, అదేంటి?

ప్రజాప్రాతినిధ్య చట్టం 29సీ సెక్షన్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి నుంచి 20,000 రూపాయలకు మించి వస్తే ఆ దాత పేరు, చిరునామా, పాన్, ఎలా ఇచ్చారు అన్న వివరాలు పార్టీ ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. అంతకు లోపు అయితే అక్కర్లేదు. సభల్లో జోలె పట్టినప్పుడు పది రూపాయలు వేసిన రైతు పేరు రాయడం కుదరదు కదా అన్నది దీని వెనకున్న ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ గీత ఎక్కడ గీస్తే దానికి ఒక్క రూపాయి కింద జనం గుమిగూడతారు. బీఎస్పీ ఏళ్ళ తరబడి మాకు 20,000 దాటిన చందా ఒక్కటీ రాలేదని లెక్క ఇచ్చింది. అది చట్టప్రకారం తప్పు కూడా కాదు. మిగతా పార్టీలు తక్కువేం తినలేదు, వాటి ఆదాయంలోనూ పేరు లేని సొమ్ము కోట్లలో ఉంటుంది.

2022 సెప్టెంబరులో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ న్యాయశాఖకు లేఖ రాశారు, ఈ 20,000 హద్దును 2,000కి దించండి, పార్టీకి వచ్చే మొత్తం చందాల్లో ఇరవై శాతం లేదా 20 కోట్లు, ఏది తక్కువైతే అది, నగదుకు పరిమితిగా పెట్టండి అని. ఆ లేఖ చట్టం కాలేదు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అతి పెద్ద కన్నం ఇదే. బాండ్ల గురించి అన్ని చర్చలు పెట్టాం, దీని గురించి టీవీలో ఒక్క గంట కార్యక్రమం నేను చూడలేదు.

రెండు లక్షల నగదును వంద రసీదులుగా రాసేస్తే ఎవరు పట్టుకుంటారు?

కాగితం మీద పట్టుకోవడం కష్టం. వంద పేర్లతో, ఒక్కోటి 2,000 చొప్పున రసీదులు చింపితే నగదు హద్దు దాటలేదు, పేర్లు ఎన్నికల సంఘానికి చెప్పాల్సిన హద్దూ దాటలేదు. ఆడిటరు రసీదులూ మొత్తమూ సరిపోయాయా అని చూస్తాడు, ఆ వంద మందీ నిజంగా ఉన్నారా అని ఊరూరా తిరగడు. చిన్న నగదు చందా వద్దని నేననను, దినకూలీ కూడా పార్టీకి ఇవ్వగలగాలి. కానీ ఏడాదిలో ఒక పార్టీ మొత్తంగా ఎంత నగదు తీసుకోవచ్చు అన్నదానికి పరిమితి లేనంతకాలం ఈ దారి తెరిచే ఉంటుంది.

పార్టీలు పన్ను కట్టవా?

షరతులు పాటిస్తే కట్టక్కర్లేదు. ఖాతా పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి, 20,000 దాటిన చందాదారుల వివరాలు ఉంచాలి, నగదు 2,000 దాటకూడదు, రిటర్ను గడువులోపల వేయాలి. ఇది మాటవరసకి పెట్టిన షరతు అనుకుంటే పొరపాటు. 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరానికి కాంగ్రెస్ పార్టీ రిటర్ను 2018 డిసెంబరు 31లోగా వేయాల్సింది 2019 ఫిబ్రవరి 2న వేసింది. అందులో 2,000 దాటిన నగదు చందాలు 14.49 లక్షలు ఉన్నాయి. దాంతో 199 కోట్ల మీద మినహాయింపు పోయింది, 2025 జులైలో ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ కూడా శాఖ వైపే నిలబడింది. ఆలస్యం ఒక నెల, నగదు పద్నాలుగు లక్షలు, పోయింది దాదాపు రెండు వందల కోట్ల మీద మినహాయింపు. అన్ని పార్టీల రిటర్నులూ ఇంతే పట్టుదలగా చూస్తే బాగుండు.

పేరు వినని పార్టీలు వేలల్లో ఉన్నాయంట, అవన్నీ ఏం చేస్తాయి?

కొన్ని నిజంగానే చిన్న పార్టీలు, పాపం ప్రతిసారీ పోటీ చేసి డిపాజిట్ పోగొట్టుకుంటాయి. కొన్ని లెటర్‌హెడ్డు, బ్యాంకు ఖాతా మాత్రమే ఉన్న పార్టీలు. రిజిస్ట్రేషన్ సులువు, రద్దు కష్టం. ఒకసారి రిజిస్టరైన పార్టీని కొన్ని అరుదైన సందర్భాల్లో తప్ప తీసేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అందుకని సంఘం వేరే దారిలో వస్తోంది. ఆరేళ్ళుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదన్న కారణంతో 2025 ఆగస్టులో 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474 పార్టీలను జాబితా నుంచి తప్పించింది.

## కంపెనీలు, బాండ్లు, ట్రస్టులు

కంపెనీ ఎంతైనా ఇవ్వొచ్చా?

ఇప్పుడు కాదు. కంపెనీల చట్టం 182వ సెక్షన్ కింద గడిచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతం వరకే ఇవ్వాలి, కంపెనీ పెట్టి కనీసం మూడేళ్ళు దాటాలి, బోర్డు తీర్మానం ఉండాలి, ప్రభుత్వ కంపెనీ కాకూడదు, నగదు అసలు కుదరదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లెక్కల్లో చూపాలి. 2017లో ఈ 7.5 శాతం హద్దు ఎత్తేశారు, పార్టీ పేరు చెప్పాలన్న నిబంధన కూడా తీసేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా కోట్లు ఇవ్వొచ్చన్నమాట. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఆ డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది అని మామూలు మనిషికి వచ్చే అనుమానమే సుప్రీంకోర్టుకీ వచ్చింది, 2024 తీర్పులో ఆ సవరణను కొట్టేసింది. నిబంధన మీరితే ఇచ్చిన మొత్తానికి ఐదు రెట్ల దాకా జరిమానా, బాధ్యుడైన అధికారికి ఆరు నెలల దాకా జైలు.

కంపెనీల చందాలకు మన దగ్గర పెద్ద కథే ఉంది. 1969లో పూర్తిగా నిషేధించారు, 1985లో మళ్ళీ అనుమతించారు. నిషేధం ఉన్న ఆ పదహారేళ్ళు కంపెనీలు పార్టీలకు పైసా ఇవ్వలేదని నమ్మేవాళ్ళు ఎవరూ నాకు తగల్లేదు. చెక్కులు ఆగి సూట్‌కేసులు వచ్చాయి, అంతే.

ఎలక్టోరల్ బాండ్ల మీద అంత గొడవ ఎందుకు? బ్యాంకు ద్వారానే కదా ఇచ్చింది, అది తెల్లడబ్బే కదా?

బ్యాంకు ద్వారా వచ్చింది, నిజమే. గొడవ డబ్బు రంగు గురించి కాదు, ఇచ్చినవాడి పేరు గురించి. బాండు అంటే బ్యాంకులో కొని పార్టీకి చందాగా ఇచ్చే పత్రం. 2018 జనవరిలో పథకం మొదలైంది. స్టేట్ బ్యాంకులో మాత్రమే అమ్మేవారు, వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా, మూడు నెలలకోసారి పది రోజుల పాటు. కొన్నాక పదిహేను రోజుల్లో పార్టీ మార్చుకోవాలి. కొన్నవాడి కేవైసీ బ్యాంకు దగ్గర ఉంటుంది, బాండు మీద పేరుండదు, పార్టీ ఎన్నికల సంఘానికి దాత పేరు చెప్పక్కర్లేదు. అంటే ఇచ్చినవాడికి తెలుసు, తీసుకున్నవాడికి తెలియకుండా ఎందుకుంటుంది, బ్యాంకుకు తెలుసు, బ్యాంకు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి తెలుసుకునే అవకాశం ఉంది. తెలియనిదల్లా ఓటరు ఒక్కడికే. పథకం రాకముందే రిజర్వు బ్యాంకు, ఎన్నికల సంఘం రెండూ అభ్యంతరం చెప్పాయి.

2024 ఫిబ్రవరి 15న జస్టిస్ డీవై చంద్రచూడ్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని రద్దు చేసింది, పార్టీకి డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకోవడం రాజ్యాంగం 19(1)(ఏ) కింద ఓటరు హక్కు అంది. ఆ తర్వాత జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. వివరాలివ్వడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. మార్చి 11న కోర్టు కుదరదంది, మర్నాటికే వివరాలు వచ్చేశాయి. మూడున్నర నెలల పని ఒక్క రోజులో!

బాండ్ల జాబితాలో ఏం బయటపడింది?

2019 ఏప్రిల్ 12 తర్వాతి వివరాలు బయటికొచ్చాయి. బీజేపీకి దాదాపు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,600 కోట్ల పైన, కాంగ్రెస్‌కు 1,400 కోట్ల పైన, బీఆర్ఎస్‌కు 1,200 కోట్ల పైన. మన పార్టీల్లో వైసీపీకి 337 కోట్లు, టీడీపీకి 218 కోట్ల పైన. అందరికన్నా ఎక్కువ కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్‌లోని మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. మొదట ఇచ్చిన జాబితాలో కొన్నవాళ్ళు ఒక పట్టికలో, మార్చుకున్న పార్టీలు వేరే పట్టికలో ఉన్నాయి, ఏ బాండు ఎటు పోయిందో జత కుదరదు. మార్చి 21న బాండు నంబర్లు కూడా ఇచ్చాకే జత కలిసింది. ఆ రాత్రి నేనూ రెండు పట్టికలూ ఎక్సెల్‌లో వేసుకుని మనకు తెలిసిన పేర్లు వెతుక్కున్నా, తెల్లారేదాకా నిద్రపోలేదు.

చందా ఇచ్చినందుకే కాంట్రాక్టు వచ్చిందని ఆ పట్టికలు రుజువు చేయవు. తేదీలు పక్కపక్కన పెట్టుకుని అనుమానించే వీలు మాత్రం ఇస్తాయి. ప్రత్యేక దర్యాప్తు బృందం కావాలన్న పిటిషన్లను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

బాండ్లు పోయాయి కదా, ఇప్పుడు పెద్ద చందాలు ఎలా వస్తున్నాయి?

నేరుగా చెక్కు, బ్యాంకు బదిలీ, లేదంటే ఎలక్టోరల్ ట్రస్టు. ట్రస్టుల పథకం 2013 నాటిది, ప్రూడెంట్ అనే ట్రస్టు పేరు ఎక్కువగా వింటుంటారు. కంపెనీలు ట్రస్టుకిస్తాయి, ట్రస్టు ఆ ఏడాది వచ్చిన దాంట్లో కనీసం 95 శాతం పార్టీలకు పంచాలి. ఏ కంపెనీ ఎంతిచ్చింది, ఏ పార్టీకి ఎంత వెళ్ళింది అన్న రెండు జాబితాలూ ఎన్నికల సంఘానికి చేరతాయి. బాండ్ల కంటే ఇది మేలే. కానీ పది కంపెనీల పాలు ఒకే గంగాళంలో పోసి నాలుగు పార్టీలకు గ్లాసుల్లో పోశాక, ఎవరి పాలు ఎవరు తాగారో చెప్పలేం.

## ప్రచారం, ఖర్చు, చెక్‌పోస్టులు

ఎమ్మెల్యే అభ్యర్థి 40 లక్షలే ఖర్చు పెట్టాలంటారు, మా దగ్గర ఒక్క మండలంలోనే అంతకన్నా ఎక్కువైంది. ఇదెలా?

2022 నుంచి పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు పరిమితి. ఇది అభ్యర్థికి. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు! 1974లో సుప్రీంకోర్టు ఒక కేసులో పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలో వేయాల్సిందే అంటే, ఆ వెంటనే చట్టం సవరించి పార్టీ ఖర్చును బయట పెట్టేశారు. అందుకే హెలికాప్టరు, టీవీ ప్రకటనలు, స్టార్ క్యాంపెయినర్ ప్రయాణాలు చాలావరకు పార్టీ ఖాతాలో పడతాయి. స్టార్ క్యాంపెయినర్ ఉన్న వేదిక మీద అభ్యర్థి కూడా కూర్చుంటే మాత్రం ఆ సభ ఖర్చులో వాటా అభ్యర్థికి పడుతుంది.

మీ మండలంలో మీరు చూసినదాంట్లో ఎక్కువ భాగం అసలు ఏ పుస్తకంలోనూ ఉండదు. పారదర్శకత నియమాలన్నీ పుస్తకంలోకి వచ్చిన డబ్బు గురించే మాట్లాడతాయి. పుస్తకంలోకే రానిది పట్టుకోవడానికి ఉన్నవి చెక్‌పోస్టులు, సోదాలు, ఫిర్యాదులు మాత్రమే.

అభ్యర్థి రాసిన లెక్క నిజమో కాదో ఎవరు చూస్తారు?

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక వ్యక్తికి 10,000 దాటిన చెల్లింపులు బ్యాంకు ద్వారానే. ఎన్నికల సంఘం పంపిన వ్యయ పరిశీలకుడి బృందం తన సొంత పుస్తకం ఒకటి రాస్తుంది, దాన్ని షాడో రిజిస్టర్ అంటారు, ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు మన పుస్తకాన్ని దాంతో పోల్చి చూస్తారు. జిల్లాలో ప్రతి వస్తువుకూ రేట్ల పట్టిక ఉంటుంది, కుర్చీ, షామియానా, ఫ్లెక్సీ, టీ, బిర్యానీ ప్యాకెట్టు అన్నిటికీ.

మా మిత్రుడికి నేను రాసిన పుస్తకంలో ఒక సభకు 80 కుర్చీలని ఉంది, వాళ్ళ వీడియోలో లెక్కపెడితే 120 వచ్చాయి. నేను అబద్ధం రాయలేదు, టెంట్ హౌస్ అతను మిగిలిన కుర్చీలు కూడా దించేసి వెళ్ళాడు, ఖాళీగా గోడ పక్కన పేర్చి ఉన్నాయి. వాదించి లాభం లేక 120కి డబ్బు రాశాం. అదే రోజు, అదే రోడ్డు మీద పెద్ద పార్టీ ర్యాలీలో బైకులన్నిటికీ పెట్రోలు కొట్టించారు, బంకు దగ్గర చీటీలు పంచడం నేను కళ్ళారా చూశాను. ఆ చీటీలు ఏ రిజిస్టరులోకి ఎక్కాయో నాకైతే తెలీదు. చిన్నవాడి దగ్గర కుర్చీలు లెక్కపెట్టడం తేలికే.

లెక్క ఇవ్వకపోతే ఏమవుతుంది?

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోయినా, చట్టం చెప్పిన పద్ధతిలో ఇవ్వకపోయినా ఎన్నికల సంఘం మూడేళ్ళు అనర్హత వేయొచ్చు. ఓడిపోయిన ఇండిపెండెంట్లే ఎక్కువగా దీనికి బలైపోతారు, ఓడిపోయాక ఇంకేం లెక్కలే అని వదిలేసి. గెలిచినవాళ్ళ మీద వేటు అరుదు. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌ను పెయిడ్ న్యూస్ (డబ్బిచ్చి రాయించుకున్న వార్తలు) ఖర్చు చూపలేదని 2011లో అనర్హురాలిగా ప్రకటించారు.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు నా సొంత డబ్బు తీసుకెళ్తుంటే పట్టుకున్నారు. తిరిగి ఇస్తారా?

ఆధారాలుంటే ఇస్తారు. 50,000 దాటిన నగదుకు కాగితాలు చూపలేకపోతేనో, వాహనంలో అభ్యర్థి, ఏజెంటు లేదా పార్టీ కార్యకర్త ఉంటేనో, ఓటర్లకు పంచడానికన్న అనుమానం ఉంటేనో స్వాధీనం చేసుకుంటారు. 10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకు చెప్తారు. డబ్బు తీసుకున్నాక మీకు రసీదు ఇవ్వాలి, అప్పీలు ఎవరికి చేసుకోవాలో కూడా అందులో ఉండాలి. జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది, ఎన్నికకు సంబంధం లేదని తేలితే విడుదల చేస్తుంది.

మా బంధువొకాయన వరంగల్ మార్కెట్లో మిర్చి అమ్మి వస్తూ దారిలో ఆగిపోయాడు. జేబులో తక్‌పట్టీ (సరుకు అమ్మిన చీటీ) ఉంది, కానీ వానకి తడిసి అంకెలు అలుక్కుపోయాయి. నాలుగు రోజులు తిరిగాడు. చివరికి అడ్తీ దుకాణం నుంచి పట్టీ నకలు, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు పట్టుకెళ్తే డబ్బు చేతికొచ్చింది. కాబట్టి కోడ్ ఉన్నన్నాళ్ళు అమ్మకం పట్టీనో, బ్యాంకు విత్‌డ్రా స్లిప్పో, ఆసుపత్రి అంచనా కాగితమో, ఏదైనా ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఓటుకు డబ్బు తీసుకుని వేరేవాళ్ళకి ఓటేస్తే తప్పేంటి?

ఇదొక్కటీ మాత్రం నవ్వుతూ అడుగుతారు ఎప్పుడూ. చట్టం మాటయితే, ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే, భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఏడాది దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. ఎవరికి వేశారన్నది రహస్యం, తీసుకున్నందుకు వేయాల్సిన బాధ్యత మీకేమీ లేదు. కానీ కవరు ఇచ్చిన పెద్దమనిషి ఆ డబ్బు తన పొలం అమ్మి తేలేదు, వచ్చే ఐదేళ్ళలో వెనక్కి రాబట్టుకునే లెక్క వేసుకునే తెచ్చాడు, మీరు ఎవరికి వేసినా ఆ లెక్క మారదు.

డబ్బు పంపిణీ వల్ల ఎన్నికే ఆగిపోయిన సందర్భాలున్నాయి. తమిళనాడులో 2017 ఏప్రిల్‌లో ఆర్కే నగర్ ఉప ఎన్నిక, 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నిక రద్దయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లో ఉప ఎన్నికల్లో ఓటు రేటు ఎంత పలికిందో టీ కొట్ల దగ్గర బహిరంగంగా చెప్పుకుంటారు, ఎన్నిక రద్దు దాకా మాత్రం పోలేదు.

డబ్బు పంచడం కళ్ళ ముందే కనిపించింది. ఎవరికి చెప్పాలి?

ఎన్నికల సంఘం వాళ్ళ సీవిజిల్ యాప్‌లో. అందులోనే ఫోటోనో, రెండు నిమిషాల వీడియోనో తీయాలి, గ్యాలరీలో పాతది పెట్టడం కుదరదు. ఎక్కడున్నారో యాపే తీసుకుంటుంది, 100 నిమిషాల్లో స్పందించాలన్నది లక్ష్యం. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు, కాకపోతే అప్పుడు ఫిర్యాదు ఏమైందో మీకు తెలియదు. పగలు మూడు గంటలకు పంపితే వస్తారు. పోలింగ్ ముందు రాత్రి ఒకేసారి అన్ని వీధుల్లో మొదలైతే బృందాలు ఎన్ని ఉంటాయి చెప్పండి.

## నల్లడబ్బు సంగతి

నల్లడబ్బు అంటే లంచం డబ్బేనా?

కాదు, పన్ను లెక్కలో చూపని డబ్బంతా నల్లడబ్బే. ఫ్లాటు రిజిస్ట్రేషన్‌లో తక్కువ విలువ రాయించి మిగతాది చేతికి తీసుకుంటే ఆ మిగతాది నల్లదే, అమ్మింది ఎంత నిజాయితీగా సంపాదించిన ఇల్లయినా సరే. రియల్ ఎస్టేటు, కంకర క్వారీలు, మద్యం, కాంట్రాక్టులు, ఎక్కడ నగదు ఎక్కువ తిరుగుతుందో అక్కడే ఎన్నికలకు సొమ్ము పోగవుతుంది.

నోట్ల రద్దుతో పోలేదా మరి?

2016 నవంబరు 8న రద్దయిన 500, 1,000 నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు. రిజర్వు బ్యాంకే చెప్పింది, 15.31 లక్షల కోట్లు వెనక్కి వచ్చేశాయని, అంటే 99.3 శాతం. నల్లడబ్బు దాచుకున్నవాళ్ళు నోట్లు కాల్చేస్తారని అనుకున్నాం, క్యూలో కూలీలను నిలబెట్టి మార్చుకున్నారు. ఆ తర్వాతి ఎన్నికల్లో పట్టుబడ్డ సొమ్ము తగ్గలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో పోలింగ్ మొదలవకముందే, ఏప్రిల్ 15 నాటికే, 4,650 కోట్ల విలువైన నగదు, మద్యం, డ్రగ్స్, కానుకలు పట్టుకున్నామని ఎన్నికల సంఘం ప్రకటించింది. 2,000 నోటు వచ్చి, 2023 మేలో పోయింది కూడా.

ప్రభుత్వమే పార్టీలకు డబ్బిస్తే ఈ గోలంతా ఉండదు కదా?

1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ఇదే చెప్పింది, నగదుగా కాకుండా వస్తురూపంలో, గుర్తింపు పొందిన పార్టీలకు కొంతవరకు ఇవ్వొచ్చని. దూరదర్శన్, ఆకాశవాణిలో ఉచిత సమయం ఇప్పటికీ ఇస్తున్నారు. పూర్తిగా ప్రభుత్వమే భరించడం గురించి నాకు సందేహం. పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టకుండా సర్కారు డబ్బు ఇస్తే, అది ఉన్న డబ్బు మీద అదనపు డబ్బు అవుతుంది. ముందు నగదు కన్నం మూసి, తర్వాత ఈ మాట మాట్లాడుకుంటే బాగుంటుంది.

## లెక్కలు మనం చూడాలంటే

ఆర్టీఐ వేసి పార్టీని అడగొచ్చా?

2013 జూన్ 3న కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు ఆర్టీఐ కిందికి వస్తాయని తీర్పు ఇచ్చింది. ఒక్క పార్టీ కూడా పాటించలేదు. మిగతా అన్ని విషయాల్లో కొట్టుకునే పార్టీలు ఇక్కడ మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అందాకా పార్టీకి దరఖాస్తు పెట్టి తపాలా ఖర్చు దండగ చేసుకోకండి, ఎన్నికల సంఘం దగ్గర ఉన్న కాగితాలు అడగండి.

పార్టీ చందాల జాబితా ఎక్కడ దొరుకుతుంది?

ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో. 20,000 దాటిన చందాల జాబితాను ఫారం 24ఏ అంటారు, దానికి తోడు ఆడిట్ చేసిన వార్షిక లెక్కలు, ఎన్నికల తర్వాత ఇచ్చే ఖర్చు పట్టికలు ఉంటాయి, అసెంబ్లీకి 75 రోజుల్లో, లోక్‌సభకు 90 రోజుల్లో ఇవ్వాలి. చాలావి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, కొన్ని పేజీలు అడ్డంగా తిరిగి ఉంటాయి, వెతికితే పేరు దొరకదు, కళ్ళతో చదువుకోవాల్సిందే. 2023 జులైలో పార్టీలు ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి పోర్టల్ తెచ్చారు, దాని వల్ల ముందుముందు వెతకడం సులువవుతుందేమో చూడాలి. అభ్యర్థుల ఆస్తులు, కేసుల అఫిడవిట్లు కావాలంటే మైనేత సైట్‌లో చక్కగా పట్టికలు కట్టి ఉంటాయి.

మా ఎమ్మెల్యే ఇచ్చిన ఖర్చు లెక్క నేను చూడొచ్చా? నేను మామూలు ఓటరునే.

చూడొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వది చెప్తుంది, ఏ వ్యక్తి అయినా ఒక్క రూపాయి రుసుము కట్టి అభ్యర్థి లెక్కలను తనిఖీ చేయొచ్చని. రుసుము కడితే నకళ్ళు కూడా ఇస్తారు. జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసుకు వెళ్ళి అడగాలి. నేను వెళ్ళిన చోట ఆ రూపాయికి రసీదు ఎలా రాయాలో గుమాస్తాకు తెలియక, పెద్దసారు వచ్చేదాకా కూర్చోబెట్టాడు. గంట తర్వాత ఫైలు వచ్చింది, గెలిచిన అభ్యర్థిది. సభలో భోజనాల ఖర్చు దగ్గర వేలు పెట్టి చూశాను, 200 బిర్యానీ ప్యాకెట్లు. ఆ సభకు నేనూ వెళ్ళాను, నేను కూర్చున్న వైపు పంక్తిలోనే అంతకంటే ఎక్కువ మంది తింటున్నారు.